మా వీధి మొదట్లో పోచమ్మ

మా వీధి మొదట్లో ఉన్న పోచమ్మ బుగ్గ మీద ఈ వానాకాలంలో పగులు వచ్చింది. కంటి కింద మొదలై ముక్కుపుడక దాకా సన్నగా దిగింది. పొద్దున నడకకు వెళ్తూ దాని మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఎప్పుడు తాకినా అది వెచ్చగా ఉంటుందనే అనుకుంటాను, ఎప్పుడూ ఉండదు. అలా ఎందుకు అనుకుంటానో ముందు ముందు చెబుతాను.

కాలనీ సంఘం వాళ్ళు కూర్చుని, పాత బొమ్మ తీసేసి ఆళ్ళగడ్డ నుంచి నల్లరాతి విగ్రహం తెప్పిద్దామని నిర్ణయించారు. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించకుండానే, "ఒక్క మాట. పాత బొమ్మను గునపంతో కొట్టకండి. దాని లోపల ఒక రాయి ఉంది. అసలు అమ్మ ఆ రాయే. దాన్ని జాగ్రత్తగా తీసి కొత్త విగ్రహం కింద పెట్టాలి" అన్నాను.

సెక్రటరీ కుర్రాడు, మొన్న మొన్నటిదాకా నా కళ్ళ ముందు సైకిల్ నేర్చుకున్నవాడు, "వావ్ అంకుల్! ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?" అన్నాడు.

"ఎవరూ అడగలేదు నాన్నా" అన్నాను.

అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. ఆ రాయి గురించి చెబితే అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఇప్పుడు మా ఇల్లు ఉన్న చోటి నుంచే వచ్చింది. ఆ రాయి పోలేదు, వీధి మొదట్లోనే ఉంది అన్న ధైర్యంతోనే మా నాన్న ఈ ఇంట్లో బతికి, ఇక్కడే కన్నుమూశాడు. నేనూ ఆ ధైర్యంతోనే ముసలివాణ్ణవుతున్నాను. ఆదివారం బొమ్మ వెనక వైపు కోసి రాయి తీద్దామని అనుకుని అందరూ లేచారు. ఆ ఆదివారం వచ్చేదాకా నాకు వేరే ధ్యాస లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, కింద నుంచి గుట్ట లేచి నిలబడేది.

అవును, అప్పుడు ఇదంతా గుట్టే. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ అంటే కార్ల షోరూములు, కాఫీ దుకాణాలు, గేటు దగ్గర వాచ్‌మన్ లేని ఇల్లు లేకపోవడం. అప్పుడు గుండ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుకుంటూ పేర్చి, మధ్యలో అన్నానికి పిలిస్తే వదిలి వెళ్ళిపోయినట్టు ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. వాన పడి వెలిసిన తర్వాత ఆ గుండ్ల నుంచి ఒక వాసన వచ్చేది. తడి రాయి, మేకల పెంటికలు, మగ్గిన సీతాఫలం, మూడూ కలిసిన వాసన. అది అత్తరులా సీసాలో దొరికితే నేను ఇప్పటికీ కొంటాను.

మేము శ్రీనగర్ కాలనీలో ఒక పెద్దింటి వెనక ఒంటిగదిలో అద్దెకుండేవాళ్ళం. నాన్న కోస్తా నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మౌల్డింగ్ మేస్త్రి. సినిమా సెట్టుకు రాతి స్తంభం కావాలన్నా, సింహాసనానికి సింహం తల కావాలన్నా, ప్లాస్టర్ కలిపి, అందులో కొబ్బరిపీచు ముంచి, అచ్చులో పరిచి తీసేవాడు. పైకి రాయి, లోపల బోలు. ఆయన చేసిన ఏనుగును ఇద్దరు మనుషులు నవ్వుకుంటూ ఎత్తుకెళ్ళేవారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లబడి ఉండేవాడు. "పొద్దున వెళ్ళిన మనిషి తాతయ్యై వచ్చారండీ" అని అమ్మ నవ్వేది.

అమ్మ నవ్వేది సాయంత్రాల్లోనే. పగలంతా ఇంటి ఓనరమ్మతో సరిపోయేది. ఆవిడ కుళాయికి తాళం వేసేది. మాకు చుట్టాలొస్తే ముందుగా ఆవిడకు చెప్పాలి. నేను గోడకు బంతి కొడితే, "ఆ గోడ మీ నాన్న కట్టాడా?" అని అరిచేది. మా నాన్న రోజంతా కట్టేది గోడలే, కానీ అవేవీ మావి కావు, గోడలూ కావు. "మనకంటూ ఒక్క కుళాయి ఉంటే చాలండీ. గోడలు మీ ప్లాస్టర్‌తోనే కట్టండి, నేనేమీ అనను" అనేది అమ్మ.

సెలవు రోజుల్లో నాన్నకు క్యారియర్ తీసుకుని గుట్ట ఎక్కేవాణ్ణి. అక్కడ ఒక సినిమా కోసం పల్లెటూరి సెట్టు వేస్తున్నారు. మొదటిరోజే దారి తప్పి, మేకల మంద మధ్యలో పడ్డాను.

"ఏయ్, ఎవలు పిలగా నువ్వు?" అని గుండు మీది నుంచి ఒక గొంతు వచ్చింది. తలెత్తి చూశాను. వెడల్పాటి బుగ్గలు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతులకు వెండి కడియాలు. గుట్ట కింది బస్తీలో ఉండే అవ్వ. మేకలు ఆవిడవే. పక్కన నా ఈడు మనవరాలు.

"మా నాన్న సెట్టు మేస్త్రీ అండీ" అన్నాను భయంగా.

మనవరాలు పడీపడీ నవ్వింది. "అండీ అంటుండు అవ్వా! ఏయ్, నన్ను గూడ అండీ అను."

"నువ్వు చిన్నపిల్లవి. నిన్నెందుకంటాను?"

"అనకుంటే తొవ్వ చెప్ప."

అన్నాను. తొవ్వ చెప్పింది. ఆ రోజు నుంచి నా పేరు 'అండీ పిలగాడు'.

నాన్న భోజనం పెద్ద గుండు నీడలో. అవ్వ కూడా అక్కడే మూట విప్పేది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు.

"ఏం కూర మేస్త్రీ?"

"గోంగూర పచ్చడమ్మా. కాస్త వేసుకుంటారా?"

"పుంటికూర అను. పేరు మారిస్తే రుచి మారుతదా?" అంటూ రొట్టె ముక్క చాపేది. తిని, కళ్ళు మూసుకుని, "మీ పెండ్లాం చేతిల కారం బాగుంది. మనిషి గూడ గట్లనే ఉంటదా?" అని అడిగేది. నాన్నకు పొలమారేది.

సీతాఫలం ఎలా తినాలో నాకు నేర్పింది మనవరాలే. కాయ మీది గళ్ళు కాస్త విచ్చుకుని మధ్యలో గులాబీ రంగు గీతలు కనిపిస్తే, "కండ్లు తెరిసింది, తెంపు" అనేది. కళ్ళు తెరవనివి నాలుగు పుల్లలు అంటించి నిప్పుల్లో కాల్చేవాళ్ళం. పైన బొగ్గు, లోపల పాలకోవా. గింజలు ఎవరు దూరంగా ఊస్తే వాళ్ళు రాజు. ఎప్పుడూ తనే రాజు. ఒకసారి నేను గెలవాలని గింజను చేత్తో విసిరి, నోటితో ఊశానన్నాను. తను చూసింది, చూడనట్టు ఊరుకుంది. "ఇయ్యాల నువ్వే రాజువి పో" అంది. ఆ మాటకు వచ్చిన సిగ్గు ఇంకా ఎక్కడో ఉంది.

ఆ పెద్ద గుండు కింద ఒక గూడు లాంటి ఖాళీ ఉండేది. అందులో పోచమ్మ. అంటే, ఒక రాయి. పెద్ద కొబ్బరికాయంత, పసుపు పూసి పూసి నున్నబడి, నడుమ కుంకుమ బొట్టుతో. అవ్వ పొద్దున్నే దాని మీద చెంబెడు నీళ్ళు పోసి, ఆ తర్వాతే మేకలను వదిలేది.

"దీనికి ముఖం లేదేంటి?" అని అడిగాను.

"ముఖమెందుకు? నిన్ను సూడనీకి ఆమెకు కండ్లు గావాల్నా?" అంది మనవరాలు.

అయితే కెమెరాకు కావాల్సి వచ్చింది. ఆ సెట్టులో గ్రామదేవత గుడి ఒకటి ఉంది. నాన్న మొదట అవ్వ రాయిని చూసి అలాంటిదే చేద్దామన్నాడు. ఆర్ట్ డైరెక్టర్‌గారు ఒప్పుకోలేదు. "హీరోయిన్ దేనికేసి చూసి ఏడవాలి మేస్త్రీ? ముఖం పెట్టు" అన్నారు. నాన్న మట్టితో ఒక ముఖం చేసి చెరిపాడు, ఇంకొకటి చేసి చెరిపాడు. అన్నీ క్యాలెండర్ దేవతల్లా వస్తున్నాయి. మూడో పూట మేకలను అదిలిస్తూ అవ్వ ఎదురుగా నిలబడింది. నాన్న చేతులు వాటంతటవే కదిలాయి. వెడల్పాటి బుగ్గలు, రెండు పుడకలు, ఏదో తిట్టబోయి ఆపుకున్నట్టుండే పెదవి.

అచ్చు పోసి విప్పిన రోజు అవ్వ వచ్చి ఆ ముఖం ముందు నిలబడింది.

"నా ముక్కు గింత పెద్దగుంటదా మేస్త్రీ?"

"ఇంకా పెద్దగుంటది" అంది మనవరాలు.

అవ్వ మనవరాలి నెత్తి మీద ఒకటిచ్చి, చెయ్యి చాపి బొమ్మ బుగ్గ ముట్టుకుంది. ముట్టుకున్న చెయ్యి చటుక్కున లాక్కుంది. "అమ్మో! ఒళ్ళు కాలుతున్నది గదయ్యా!"

తడి ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. నాన్న ఆ సంగతి చెప్పబోయాడు. "అది సున్నం గుణం లాంటిదమ్మా, నీళ్ళు పడితే..."

"నువ్వు నీళ్ళంటవ్, నేను అమ్మంట" అని అవ్వ పరుగున పోయి వేపరెమ్మ తెచ్చి బొమ్మ పాదాల దగ్గర పెట్టింది. అప్పుడు నేనూ బుగ్గ మీద చెయ్యి వేశాను. జ్వరమొచ్చిన మనిషిని తాకినట్టే ఉంది. ఆ వేడి నా అరచేతికి ఇంకా గుర్తు.

షూటింగు రోజు మొదటి షాట్‌కు ముందు బొమ్మకు హారతిచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఏ సినిమాకైనా ఉండేదే. హీరోయిన్ కళ్ళల్లో గ్లిజరిన్ వేసుకుని, బొమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చింది. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడి అవ్వ తనూ ఏడ్చింది. కట్ అనగానే తాడు కింద నుంచి దూరి వెళ్ళి, ఆ అమ్మాయి చేతిలో సీతాఫలం పెట్టి, "ఏడువకు బిడ్డా. గింత చిన్నతనంల గింత కష్టమేంది నీకు?" అంది. యూనిట్ అంతా ఘొల్లున నవ్వింది. ఆ హీరోయిన్ మాత్రం నవ్వలేదు. కాయ అక్కడే కూర్చుని తింది, ముఖానికున్న మేకప్ అంతా చెరుపుకుంటూ.

మధ్యాహ్నం ఇంకో గొడవ. మేక ఒకటి నాన్న చేసిన ప్లాస్టర్ గుండు ఎక్కింది. గుట్టంతా తిరిగినా ఎన్నడూ జారని మేక. దాని కాలు ఫట్‌మని లోపలికి దిగబడింది. గుండు మధ్యలో మేక, అరుపు, కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఏం గుండయ్యా గిది! నా మేక నమ్మి కాలు పెట్టే గదా!" అని అవ్వ నాన్నను నిలదీసింది. నాన్న మేక కాలు విడిపిస్తూ, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకు చెప్పి నవ్వాడు కానీ, చివర్లో, "నమ్మి పెట్టిందట" అని మళ్ళీ అనుకున్నాడు.

షూటింగు అయిపోయాక చెక్కల కాంట్రాక్టరు మనుషులు వచ్చి సెట్టు విప్పేశారు. అమ్మవారి బొమ్మ మీద మాత్రం ఎవరూ సుత్తె వెయ్యలేదు. హారతి అందుకున్న బొమ్మ కదా. నువ్వు కొట్టు అంటే నువ్వు కొట్టు అనుకుని వదిలేసి పోయారు. అలా గుట్ట మీద ఇద్దరు పోచమ్మలు మిగిలారు. గుండు కింద ముఖం లేని రాయి, ఇప్పుడు మా వీధి మొదలయ్యే మెరక మీద అవ్వ ముఖంతో బొమ్మ.

ఆ చలికాలం గుట్ట మీదికి కొలతల వాళ్ళు వచ్చారు. గొలుసులు లాగి, సున్నం పూసిన రాళ్ళు పాతారు. సినిమావాళ్ళకు ఇళ్ళ స్థలాలు ఇస్తారన్న మాట అంతకుముందే ఉంది. పెద్దవాళ్ళకు పైన, పనివాళ్ళకు కింద వాలులో. నాన్నకూ ఒకటి వచ్చింది. ఆ సాయంత్రం ఆయన తెల్లటి కనుబొమ్మలతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, "మనక్కూడానే" అన్నాడు. అమ్మ నమ్మలేదు. మర్నాడు గుట్టెక్కి తన కళ్ళతో చూసింది. నాలుగు సున్నపు రాళ్ళ మధ్య అటూ ఇటూ నడిచి, చెప్పు విప్పి ఒక చోట పెట్టి, "ఇక్కడ కుళాయి" అంది. చెప్పు అక్కడే ఉంచి కాసేపు దాన్నే చూసింది. అంత సంతోషం నేను ఆవిడ ముఖంలో ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. ఇళ్ళు రాకూడదు, గుట్ట గుట్టలాగే ఉండాలి అని ఎవరైనా ఇప్పుడు నా ముందు అంటే తల ఊపబోతాను. అంతలో ఆ చెప్పు గుర్తొస్తుంది. ఊపలేను.

తర్వాత వారం నేను ఒక్కణ్ణే మా స్థలం చూడ్డానికి వెళ్ళాను. మనవరాలు ఆ రాళ్ళ నడుమే ఉన్న సీతాఫలం చెట్టు దగ్గర ఒడి నిండా కాయలు కోసుకుంటోంది. నన్ను చూసి, "దా, కండ్లు తెరిసినయి మస్తున్నయి" అని పిలిచింది.

"ఇది మా ప్లాటు. కాయలు కొయ్యకు" అన్నాను.

ఎందుకన్నానో తెలుసు. ఓనరమ్మ నాతో మాట్లాడే గొంతు అది. నాకూ ఒకసారి ఆ గొంతుతో మాట్లాడాలని ఉండేది. దొరికింది తను.

తను ఒడిలోని కాయలు ఒక్కొక్కటే తీసి చెట్టు మొదట్లో పెట్టింది. పగలకుండా, మెల్లగా. లంగా దులుపుకుని మేకల వెనక వెళ్ళిపోయింది. ఆ కాయలు నేను ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ మెచ్చుకుంది.

అప్పటికింకా ఒక సంగతి ఎవరూ పైకి అనలేదు. కొలతల ఇంజనీరు భక్తి ఉన్న మనిషి. మెరక మీద బొమ్మను చూసి దండం పెట్టి, చుట్టూ కాస్త జాగా వదిలిపెట్టి గీత గీయించాడు. ముఖం ఉన్న అమ్మ కనుక ఆయనకు కనిపించింది. గుండు కింది రాయి ఆయన కంట పడలేదు. ఆ గుండు సరిగ్గా మా ప్లాటు మధ్యలో ఉంది. దాన్ని పేల్చకుండా అక్కడ ఇల్లు లేవదు.

నాన్నకు తెలుసు. నాలుగు రోజులు తిండి సరిగా తినలేదు. ఐదో రోజు నన్ను వెంటబెట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్ళాడు. అవ్వ రాయికి పసుపు పూస్తోంది.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. ఈ గుండు మా ప్లాటులో పడింది."

"ఎరికే."

"మీరు వద్దంటే వేరేచోట ఇమ్మని అడుగుతాను."

అవ్వ చేతి పసుపు చూసుకుంటూ, "అడుగుతవా? ఇస్తరా?" అంది.

అడిగితే ఉన్నది కూడా పోతుందేమోనని నాన్న భయం. నాకూ అదే భయం. అవ్వ వద్దనకూడదని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానంటే, ఎదురుగా ఉన్న ఆ రాయికే. నిన్ను ఇక్కణ్ణించి తీసేసేలా చూడు తల్లీ అని ఆ తల్లినే అడిగాను.

"సర్కారోళ్ళు ఆ బొమ్మకు జాగ ఇడిసిండ్రట గదా" అంది అవ్వ. "సూసినవా మేస్త్రీ, నా మొఖానికి జాగ ఇచ్చిండ్రు, నాకు ఇయ్యలే." అని గట్టిగా నవ్వింది. మేము నవ్వలేకపోయాం.

అప్పుడు నాన్న తను ఆలోచించుకొచ్చిన మాట చెప్పాడు. "ఆ బొమ్మ లోపల బోలేనమ్మా. వెనక వైపు చేతులు పట్టేంత సందుంది. అమ్మను తెచ్చి లోపల పెట్టండి. నేను పైనంతా సిమెంటు పూత పూసి, సందు మూసేస్తాను. ఇక ఎవరూ కదపలేరు."

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. "మూసేస్తవా?"

"మూసేస్తాను."

"మల్ల తెరుసుడుండదా?"

"ఉండదమ్మా. మా ఇల్లున్నంత కాలం నేనే చూసుకుంటాను."

"మంచిది. ఐతారం లేపుత అమ్మను" అంది.

ఆ ఆదివారం బస్తీ నుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఒక డప్పు వచ్చారు. పసుపునీళ్ళు, వేపాకు, సాంబ్రాణి పొగ. అమ్మవారిని కదిపేటప్పుడు ఎవరూ చూడకూడదు. అది వాళ్ళ ఆచారం. "అందరు అటు తిరుగుండ్రి. సూస్తే కండ్లు పోతయి!" అని అవ్వ అరిచింది. అందరం తిరిగాం. నాన్న, అమ్మ, ఆడవాళ్ళు, డప్పు కొట్టేవాడు, గుండ్లు పేల్చడానికి వచ్చిన కాంట్రాక్టరు, ఆయన మనుషులు. గుట్ట మీద అందరి వీపులూ ఒకవైపు. డప్పు మోగుతూనే ఉంది. గుండు వైపు నుంచి అవ్వ అడుగులు మెరక వైపు నెమ్మదిగా వెళ్ళడం మాత్రం వినిపించింది. చాలాసేపటికి, "అయింది" అంది.

నాన్న సిమెంటు బొచ్చె తీసుకుని బొమ్మ వెనక్కి వెళ్ళాడు. లోపలికి చూడకుండా, ముఖం పక్కకు తిప్పుకుని, తడుముకుంటూ సందు మూశాడు. ఆయన జీవితంలో చేసిన పనులన్నిటిలో గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉండిపోయింది ఆ ఒక్క పూతే. తర్వాత ఎన్నిసార్లు రంగులు వేసినా దాన్ని మాత్రం నున్నగా చెయ్యలేదు. ముట్టుకోవడానికి భయపడేవాడు.

గుండును పేల్చారు. ఎర్రజెండా ఊపి, 'హో' అని అరిచి, తూటా అంటించారు. మేకలు ఎటుపడితే అటు పరిగెత్తాయి. పగిలిన రాళ్ళ లోపల గులాబీ రంగు, కళ్ళు తెరిచిన సీతాఫలం గీతల్లాగే. ఆ రాళ్ళతోనే మా ఇంటి పునాది లేచింది.

పునాది నిండేసరికి అవ్వ ఊరు విడిచి వెళ్ళింది. మేపడానికి గుట్ట లేదు. శంకర్‌పల్లి దిక్కున చెల్లెలు ఉందట, అక్కడింకా బీడు ఉందట. మేకలను ముందు తోలించి, తను మనవరాలితో మా దగ్గర ఆగింది. నెత్తిన మూట. అమ్మ పునాది మీద చాప పరిచి, "కాసేపు కూర్చోండమ్మా, మూట దించండి" అంది.

"వద్దు బిడ్డా. గిట్లనే పోత."

"అంత దూరం నడవాలి కదా. ఒక్క నిమిషం దించండి."

"జర నీళ్ళియ్యి, చాలు."

అమ్మ చెంబుతో పోసింది. అవ్వ నిలబడే తాగింది. మనవరాలు నా వైపు చూడలేదు. 'ఆ చెట్టు కాయలు కోసుకోవచ్చు' అని చెప్పాలనుకున్నాను. అప్పటికి ఆ చెట్టు కూడా లేదు. వాళ్ళు వెళ్ళాక అమ్మ, "ఎంత పట్టుదల మనిషండీ, మూట దించమంటే దించలేదు. మన మీద కోపం పోలేదు" అంది. "కోపమెందుకు? అమ్మను ఇక్కడే పెట్టి వెళ్ళింది కదా" అన్నాడు నాన్న.

ఆ మాటే మా ఇంటికి అండ అయింది. నాన్న మెరక మీద చిన్న గుడి కట్టాడు, ఆషాఢంలో ఏటా తన చేత్తో రంగులు వేశాడు. కుళాయి వచ్చిన రోజు అమ్మ దాన్ని తిప్పి, నీళ్ళు వృథాగా పోతుంటే ఆపకుండా చూస్తూ నిలబడింది. నేను ఆ ఇంట్లో చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, రెండంతస్తులు లేపాను. ఎవరూ అడగని ప్రశ్న మనసులో లేచినప్పుడల్లా, అవ్వ వెళ్ళిపోయింది కానీ అమ్మను మాకు అప్పగించి వెళ్ళింది అని జవాబు చెప్పుకునేవాణ్ణి. ఆ జవాబుతోనే, సంఘానికి పెద్దగా ఉన్నప్పుడు వీధికి ఇనుప గేటు పెట్టించాను. బస్తీ ఆడవాళ్ళు బోనాలతో వచ్చే దారి అది. ఆ ఒక్క రోజు తెరిచి ఉంచుతాం కదా అన్నాను. మరుసటి ఏడు నుంచి ఎవరూ రాలేదు, ఆ ఒక్క రోజు కూడా. వాళ్ళకు ఆసక్తి పోయిందనుకున్నాను.

మా అమ్మాయి ఇప్పుడు శంకర్‌పల్లి వైపే ఒక టవరులో ఫ్లాటు కొనుక్కుంది. గాలి బాగా వస్తుంది నాన్నా అంటుంది. నిజమే, బాగా వస్తుంది. పిల్లలు ఆడుకోవడానికి చోటుంది. నాకు సంతోషమే. కానీ బాల్కనీలో నిలబడ్డప్పుడల్లా నా కళ్ళు కింద మిగిలిన ఖాళీల్లో మేకల కోసం వెతుకుతాయి. ఒకటీ అరా కనిపిస్తే వెంటనే చూపు తిప్పుకుంటాను.

మొన్న ఆదివారం పొద్దున్నే అందరూ గుడి దగ్గర చేరారు. నా కథ అప్పటికే కాలనీ అంతా పాకింది. ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, రాయిని పెట్టడానికి కొత్త పట్టుగుడ్డ. పూజారిగారు మంత్రం మొదలుపెట్టారు. శిల్పి మేస్త్రి బొమ్మ వెనక్కి వెళ్ళి, "ఎక్కడ సార్?" అన్నాడు. నాన్న వేసిన గరుకు పూత మీద వేలు పెట్టి చూపించాను. మిషన్‌తో నాలుగు వైపులా కోసి, ఆ పలక ఊడదీశాడు. నేను అలవాటు కొద్దీ ముఖం తిప్పుకున్నాను. ఇంకెవరూ తిప్పుకోలేదు. అందరి చేతుల్లో ఫోన్లు.

మేస్త్రి చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేతి దాకా, భుజం దాకా. టార్చి వేసి చూశాడు. కొబ్బరిపీచు బయటికి తీశాడు. కందిరీగల పాత గూడు తీశాడు.

"ఏమీ లేదు సార్."

"కిందికి జారిందేమో చూడు బాబూ."

"అడుగు దాకా ఖాళీయే సార్. బోలు."

ఎవరో ఇబ్బందిగా దగ్గారు. సెక్రటరీ కుర్రాడు నా భుజం మీద చెయ్యి వేసి, మంచితనంగానే, "పోనీలెండి అంకుల్. సినిమావాళ్ళ కాలనీ కదా, స్టోరీ బాగుంది" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మెట్ల కింద పునాది రాయి ఒకటి గిలాబా ఊడి బయటికి కనిపిస్తుంటుంది, గులాబీ గీతలతో. నాన్న చేసిన వాటిలో ఆ బొమ్మా ఇంకొక బోలు గుండే. మేకలా నమ్మి అవ్వ దాని మీద కాలు పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదైంది. పెట్టి ఉంటే ఆ రాయి ఇవాళ నల్లరాయి కింద, మా గేటు లోపల, మా తాళంలో ఉండేది. నాన్న లేడు కనుక ఈ సంగతి ఆయనకు చెప్పే అవసరం నాకు తప్పింది. నాకు మాత్రం ఇక ఆ ధైర్యం లేదు. ఇల్లు ఉంది. ఇష్టమైన ఇల్లే. అంతవరకే.

అమ్మ చాప పరిచిన ఆ రోజు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఇన్నేళ్ళూ అవ్వ కోపం మాత్రమే చూశాను అందులో. ఈసారి మూట కనిపించింది. బట్టల మూట కాదది, గుండ్రంగా, బరువుగా ఉంది. పాత చీర ముడిలో నుంచి వేపరెమ్మ ఒకటి బయటికి వచ్చి ఉంది. అప్పుడు ఎండకేమో అనుకున్నాను. మనవరాలు పక్కన నడవకుండా వెనక నడుస్తోంది, తల వంచుకుని, మూట వైపు చూడకుండా. అవ్వ ఒక చేత్తో మూట పట్టుకుని, నీళ్ళకు ఒక్క చెయ్యే చాపింది. అమ్మ పోసిన నీళ్ళు ఆ ఒక్క చేతిలో నిలవలేదు. సగం కారి మా కొత్త పునాది మీద పడ్డాయి. మిగిలిన గుక్క తాగి, తడి చెయ్యి పైకెత్తి మూటకు ఒకసారి తుడిచి, అవ్వ వెనక్కి తిరగకుండా వాలు దిగిపోయింది.